నీళ్ళ చరిత్ర - 7: కొల్లేరు ఎవరి పేరు మీద ఉంది?



గత రెండు భాగాల్లో మహాద్ చవదార్ చెరువు గురించి, కారంచేడు చెరువు గురించి మాట్లాడుకున్నాం. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో కలిసి దోసెడు నీళ్ళు తాగిన చెరువు ఒకటి. 1985 జులైలో మాదిగలు తాగే నీళ్ళలో గేదెల్ని కడగొద్దన్నందుకు, మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడినందుకు, ఆరుగురి ప్రాణాలు తీసిన ఊరి చెరువు ఇంకొకటి.

ఆ భాగాలు చదివాక మా స్టడీ సర్కిల్లో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అవి ఊరి చెరువులు. ముట్టుకోవద్దన్నారు, కొట్టారు. మరి కొల్లేరు లాంటి సరస్సుకి కులం ఉంటుందా? అక్కడ ఎవరూ ఎవర్నీ నీళ్ళు ముట్టుకోవద్దనలేదు కదా?"

మంచి ప్రశ్న. కొల్లేరులో మమ్మల్ని నీళ్ళు ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. మా పేర్లు కాగితం మీద రాసి మరీ నీళ్ళిచ్చారు. ఆ కాగితాలతో ఏం చేశారో చెప్పడానికే ఈ భాగం రాస్తున్నా. కొంచెం పెద్దది. కొల్లేటి చాంతాడంత ఉందని తిట్టుకోకుండా చివరిదాకా చదవండి.

ముందు సరస్సు గురించి

చాలామందికి కొల్లేరంటే ఆటపాక. కైకలూరు దగ్గర పక్షుల కేంద్రం. ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి, పడవెక్కి, చెట్ల మీద గూడబాతుల్నీ ఎర్రకాళ్ళ కొంగల్నీ చూసి, ఫోటోలు దిగి, వచ్చేటప్పుడు దారిలో చేపల పులుసుతో భోంచేసి వస్తారు. తప్పేం లేదు. నేనూ వెళ్ళాను. మా పిల్లల్నీ తీసుకెళ్ళాను. కానీ పడవ నడిపే మనిషి మనకి పక్షుల పేర్లు చెప్తాడు తప్ప, ఆ నీళ్ళ కింద ఎవరి భూమి ఉందో చెప్పడు. ఎవరూ అడగరు కూడా.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పెద్ద పళ్ళెం. సహజంగా ఏర్పడిన మంచినీటి సరస్సు, దేశంలోని పెద్దవాటిలో ఒకటి. ఇప్పుడు ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలోకి వస్తుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏర్లు, రెండు డెల్టాల పొలాల మురుగు కాల్వలు దీంట్లోకి దిగుతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది దాదాపు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. అంటే పైన ఎన్ని చోట్ల వాన పడినా ఆ నీళ్ళు ముందు ఇక్కడ ఆగాలి, తర్వాత మెల్లగా సముద్రానికి పోవాలి. లోపల లంక గ్రామాలు, చుట్టూ ఒడ్డు గ్రామాలు కలిపి 122 అని లెక్క చెప్తారు. లోపలివాటిని బెడ్ గ్రామాలనీ, ఒడ్డువాటిని బెల్ట్ గ్రామాలనీ ఆఫీసు భాషలో అంటారు. మాది బెల్ట్ గ్రామం. ఆ ఊరి చివర పేట మాది.

ఇంకో మాట అర్థం చేసుకోవాలి: కాంటూరు. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తులో నీటి అంచు ఉందో చెప్పే గీత అది. పదో కాంటూరు వరకు నీళ్ళు నిండితే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు దగ్గర 308, అంటే దాదాపు 77 వేల ఎకరాలు. మూడో కాంటూరుకి దిగితే 135 మాత్రమే. పళ్ళెం లోతు తక్కువ కాబట్టి రెండడుగుల నీళ్ళు తగ్గితే దాదాపు 43 వేల ఎకరాల నేల బయటపడుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. కొల్లేరు రాజకీయం మొత్తం ఈ రెండడుగుల్లోనే ఉంది.

రాజుల కొల్లేరు

పాఠ్యపుస్తకాల పద్ధతిలో చూస్తే కొల్లేరు చరిత్ర యుద్ధంతో మొదలవుతుంది. రెండో పులకేశి విజయాల్ని పొగుడుతూ 634లో వేసిన ఐహోలు శాసనంలో కునాల అనే జలాశయం ప్రస్తావన ఉంది. యుద్ధంలో చచ్చిన మనుషుల రక్తంతో ఆ నీళ్ళు రంగు మారాయని కవి గొప్పగా చెప్పుకున్నాడు. ఆ కునాల మన కొల్లేరే అని చరిత్రకారులు గుర్తించారు. గెలిచిన రాజు పేరు ఉంది, పొగిడిన కవి రవికీర్తి పేరు ఉంది. నీళ్ళలో పడ్డవాళ్ళ పేర్లు లేవు.

తర్వాత గజపతుల కథ. కొల్లేటికోటలో ఒడిశా గజపతుల కోట ఉండేదనీ, చుట్టూ నీళ్ళుండటం వల్ల శత్రువులు లోపలికి రాలేకపోయారనీ, అందుకే వాళ్ళు సరస్సు నీళ్ళు సముద్రంలోకి తోడెయ్యడానికి ఉప్పుటేరు తవ్వించారనీ, దాన్ని ఆపడానికి కోట సేనాని కన్నకూతురినే బలిచ్చాడనీ ఒక కథ చెప్తారు. పేరంటాల కనుమ అనే పేరు దాన్నుంచే వచ్చిందంటారు. బ్రిటిష్ కాలం జిల్లా పుస్తకాల్లోకి కూడా ఈ కథ ఎక్కింది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఇప్పటికీ ఉంది, ఏటా జాతర జరుగుతుంది. సరస్సులో చేపలు పట్టి బతికే వడ్డీలు తమ పెద్దలు ఒడిశా సైన్యంతో వచ్చినవాళ్ళని చెప్పుకుంటారు.

ఈ కథ నిజమా అబద్ధమా అని నేను వాదించను. నాకు ఆసక్తి వేరే చోట ఉంది. కథలో రాజు ఉన్నాడు, సేనాని ఉన్నాడు, బలైపోయిన ఆడపిల్ల ఉంది. అన్ని కిలోమీటర్ల కాల్వ తవ్వారని చెప్తున్నారు కదా, తట్ట మోసినవాళ్ళెవరు? ఒక్క ముక్క లేదు. కథ కట్టినవాళ్ళకి మట్టి తవ్వే మనిషి గుర్తుకే రాలేదు. మన చరిత్ర రాసుకునేటప్పుడు మొదట పెట్టుకోవాల్సిన ప్రశ్న అదే. ఏ కాల్వ చూసినా, ఏ గట్టు చూసినా, తట్ట ఎవరిది?

డెల్టా వచ్చింది, పొలం రాలేదు

ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855కి పూర్తయ్యాయి. కాటన్ దొర విగ్రహాలు మా ప్రాంతంలో ప్రతి కాల్వ సెంటర్లో ఉంటాయి. కరువు పోయింది, వరి వచ్చింది, డెల్టా పచ్చబడింది. ఆ నీటి విలువని నేను తక్కువ చెయ్యను. కానీ కాల్వ నీళ్ళు భూమి ఉన్నవాడి భూమికే కదా వెళ్తాయి. భూమి లేనివాడికి కాల్వ వల్ల వచ్చింది ఏమిటంటే, ఎక్కువ రోజుల కూలి, ఎక్కువ మంది పాలేర్లు. డెల్టా భూములతో ధనవంతులైన కులాలేవో, వాళ్ళ పిల్లలు ఏ కాలేజీలు కట్టారో, ఏ సినిమాలు తీశారో, ఏ పార్టీలు పెట్టారో మీకు తెలుసు. మాల మాదిగ పేటలు మాత్రం కాల్వ గట్ల మీద, మురుగు బోదెల పక్కన, వరద వస్తే మొదట మునిగేచోట మిగిలిపోయాయి.

డెల్టా పొలాల మురుగంతా చివరికి కొల్లేటికి వస్తుంది. మా పేట దానికి ఇంకాస్త ముందే ఉంటుంది.

మా మామ్మ చెప్పేది. సార్వా ఊడ్పులు అయ్యాక, కోతలు రాకముందు, ఊళ్ళో పని ఉండేది కాదు. ఆ రోజుల్లో మమ్మల్ని బతికించింది కొల్లేరే. నీళ్ళు తగ్గే కాలంలో మోకాళ్ళ లోతు బురదలో దిగి చేతుల్తో చేపలు తడిమి పట్టేవాళ్ళు. జెల్లలు, కొర్రమీనులు, బొమ్మిడాయిలు, ఇంగిలాయిలు. జెల్ల ముల్లు గుచ్చుకుంటే చెయ్యంతా వాచేది. వల కొనే డబ్బు ఉండేది కాదు. వడ్డీల దగ్గర వలలు, మావులు, తాటి దోనెలు ఉండేవి. వాళ్ళు లోపలికి వెళ్ళి పట్టేవాళ్ళు, మా వాళ్ళు అంచున దొరికింది పట్టుకునేవాళ్ళు. కిక్కిస కోసి ఇళ్ళు కప్పుకునేవాళ్ళు. కలువ దుంపలు తవ్వి ఉడకేసుకునేవాళ్ళు. వేసవిలో నేల బయటపడితే దాళ్వా వరి. ఆ సాగు కూడా ఎక్కువగా పెద్దరైతులదే, కూలి మాది.

ఇదంతా స్వర్గం అని చెప్పను. పాత కొల్లేరు గురించి రాసేవాళ్ళు కొందరు అప్పుడంతా అందంగా, అందరూ కలిసి ఉండేవాళ్ళన్నట్టు రాస్తారు. మా మామ్మ జ్ఞాపకాల్లో దోమలున్నాయి, వరదలున్నాయి, పురుడొస్తే దోనెలో వేసుకెళ్తూ దారిలోనే పోయిన ఆడవాళ్ళున్నారు. ఊరి మంచినీళ్ళ చెరువు దగ్గర ఎవరైనా పోస్తేనే బిందె నిండేది. కాకపోతే ఒక్కటి నిజం. కొల్లేటి బురదలో దొరికిన చేప ఎవరికి దొరికితే వాళ్ళది. దానికి పట్టా లేదు, లీజు లేదు, యజమాని లేడు. భూమిలేని మనిషికి అడక్కుండా దొరికే తిండి అది ఒక్కటే.

1976: మన పేర్లు కాగితమెక్కిన సంవత్సరం

60ల్లో వరుస వరదలకి డెల్టా పంటలు మునిగాయి. మురుగు నీటి సమస్య మీద మిత్రా కమిటీ కూర్చుంది. అప్పట్నుంచి ఈ సరస్సుని ఏం చెయ్యాలనే ఆలోచన మొదలైంది. ఎమర్జెన్సీ కాలంలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1976 ప్రాంతంలో, కొల్లేటి లోపలి భూముల్లో చేపల చెరువులు తవ్వి పేదలకి సహకార సంఘాల ద్వారా ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. మత్స్యకారుల సొసైటీలు వచ్చాయి, షెడ్యూల్డు కులాల వాళ్ళ సొసైటీలు వచ్చాయి. ఇరవై సూత్రాల కార్యక్రమం, పేదలకి భూమి అనే నినాదాల కాలం అది.

మా నాన్న అలాంటి ఒక సొసైటీలో మెంబరు. ఆ రోజు పేటలో పండగ చేశారట. తరాలుగా గజం భూమి లేని మనుషులు. చర్చిలో ప్రార్థన పెట్టి, పాస్టరు గారు వాగ్దాన భూమి వాక్యం చదివారట. నాన్న ఆ మెంబరు కార్డుని ట్రంకు పెట్టెలో బైబిల్ కింద దాచుకున్నాడు. నేను చదువుకునే రోజుల్లో కూడా అది అక్కడే ఉండేది.

మొదటి కొన్నేళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్తాను. ఇది మా ఒక్క సొసైటీ కథ కాదు. కొల్లేటి చుట్టూ ఏ పేటకి వెళ్ళి పెద్దవాళ్ళనడిగినా ఇదే వరస చెప్తారు.

చేపల చెరువు వరి పొలం లాంటిది కాదు. గట్టు వెయ్యాలి, ఏటా గట్టు బాగుచెయ్యాలి, నీళ్ళు తోడే ఇంజన్లు కావాలి, పిల్ల వెయ్యాలి, తవుడు చల్లాలి, ఆరేడు నెలలు ఆగాలి. వరదొచ్చి గట్టు తెగితే ఒక్క రాత్రిలో పెట్టుబడంతా పోతుంది. కూలి మనిషి దగ్గర ఇంత డబ్బు ఎక్కడిది? బ్యాంకు గడప తొక్కితే హామీ అడిగారు. అప్పుడు ఊళ్ళోంచి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు చెప్పను. అలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. "పెట్టుబడి నేను పెడతాను. చెరువు మీదే. ఏటా తలకింత అని ఇస్తాను. మీరు కష్టపడక్కర్లేదు" అన్నాడు. ప్రెసిడెంటు సంతకం పెట్టాడు, మెంబర్లు వేలిముద్రలు వేశారు. తలకింత అన్నది పండక్కి బట్టలు కొనుక్కునేంత. ఒక్కోసారి అది కూడా పాత బాకీలో జమైపోయేది.

రెండు మూడేళ్ళలో నాన్న తన చెరువు మీద తనే కాపలా మనిషి అయ్యాడు. గట్టు మీద తాటాకు పాక, చేతిలో టార్చిలైటు. రాత్రంతా దొంగలు రాకుండా కాపలా. ఆ దొంగలెవరు? ఒకప్పుడు అదే బురదలో చేపలు తడిమి పట్టుకున్న మా పేట పిల్లలు. పట్టుబడి రోజున అమ్మ వాళ్ళు చేపల్ని ఏరి, ఐసు కొట్టి, పెట్టెల్లో సర్దేవాళ్ళు. లారీలు కలకత్తా వెళ్ళేవి. పెట్టెలో ఉన్నవి బొచ్చె, శీలావతి. మా ఇంటికొచ్చేది పట్టుబడిలో నలిగిపోయినవో, చిల్లర చేపో.

కాగితం మీద చూస్తే చెరువు దళితులది. గట్టు మీద చూస్తే దళితుడు కాపలాదారు. ఈ రెంటి మధ్య తేడా తెలియకుండా కొల్లేరు అర్థం కాదు.

కొందరు అంటారు, "మీవాళ్ళే కదా లీజుకిచ్చుకున్నది" అని. ఈ మాటకి చట్టమే జవాబు చెప్పింది. పేదలకిచ్చిన భూమి చేతులు మారుతుందని ప్రభుత్వానికి తెలుసు కాబట్టే 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చింది. అసైన్డ్ భూమిని కొన్నా, రాయించుకున్నా, లీజుకి తీసుకున్నా ఆ లావాదేవీ చెల్లదు, భూమి అసలు పేదవాడికి తిరిగివ్వాలి అన్నది దాని సారాంశం. సొసైటీ చెరువులకి అది ఎలా వర్తిస్తుందన్నది వేరే చర్చ. కానీ పేదవాడి సంతకం స్వేచ్ఛగా పెట్టిన సంతకం కాదని ప్రభుత్వమే చట్టంలో ఒప్పుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ఆ చట్టాన్ని అమలు చెయ్యాల్సిన ఆఫీసుల్లో ఎవరి బంధువులు కూర్చున్నారో మీరే ఊహించుకోండి.

సరస్సు చెరువులైపోయింది

80, 90ల్లో చేపల లాభం చూశాక ఎవరూ ఆగలేదు. సొసైటీ చెరువుల చుట్టూ, వాటి పేరు చెప్పుకుని, ప్రభుత్వ భూమిలో వందల ఎకరాల చెరువులు లేచాయి. పార్టీ తేడాల్లేవు. బయటి ఊళ్ళ పెట్టుబడి వచ్చింది. మేతలోకి కోడిపెంట వచ్చింది, మందులు వచ్చాయి. పై నుంచి పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు కలిశాయి. గుర్రపుడెక్క మిగిలిన నీళ్ళని కప్పేసింది. ఏర్ల నోళ్ళకి అడ్డంగా గట్లు పడ్డాయి. మా చిన్నప్పుడు కొల్లేటి నీళ్ళు కావిళ్ళతో తెచ్చుకుని, చిల్లగింజ అరగదీసి తేర్చుకుని తాగేవాళ్ళం. ఇప్పుడు అంత సరస్సు పక్కన ఉండి క్యాను నీళ్ళు కొనుక్కుంటున్నాం. కూలి డబ్బుల్లోంచి నీళ్ళకి కొంత తీసి పెట్టుకోవాలి.

నష్టం అందరికీ ఒకేలా జరగలేదు. చెరువు ఉన్నవాడికి డబ్బు వచ్చింది. వడ్డీలకి వేట పోయింది. మాకు అంచున దొరికే ఆ అడక్కుండా వచ్చే చేప పోయింది. అంచే లేకుండా పోయింది. ఎటు చూసినా ఎవరిదో ఒకరి గట్టు.

2006: గట్లు తెగిన వేసవి

1999 అక్టోబరులో 120 నంబరు జీవోతో ఐదో కాంటూరు వరకు, అంటే ఇందాక చెప్పుకున్న 308 చదరపు కిలోమీటర్లని, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. కాగితం మీద చెరువులన్నీ అప్పుడే చట్టవిరుద్ధం. నేల మీద ఏమీ మారలేదు. చివరికి సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ గట్టిగా పట్టుకుంటే, 2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆపరేషన్ కొల్లేరు మొదలుపెట్టింది. పొక్లెయిన్లు దిగాయి, పోలీసులు దిగారు. వేల ఎకరాల చెరువుల గట్లకి గండ్లు పడ్డాయి.

ఆ వేసవిలో నేను ఊళ్ళోనే ఉన్నాను. గండి పడుతుంటే నాన్న చూస్తూ నిలబడ్డాడు. ఏడవలేదు. "పోయింది మనది కాదుగా" అన్నాడు. మర్నాడు పొద్దున్న పనికెళ్ళడానికి చెరువు లేదు. అప్పుడు అర్థమైంది, పోయింది మనది కూడానని. లీజుదారు తన ఇంజన్లు, పడవలు ముందే తీసుకెళ్ళిపోయాడు. అతనికి వేరే చోట చెరువులున్నాయి, డబ్బుంది. కొన్ని నెలల్లో నిలదొక్కుకున్నాడు. పట్టుబడి కూలీలు, ఐసు కొట్టే ఆడవాళ్ళు, కాపలా మనుషులు ఎవరి లెక్కల్లోనూ లేరు. పరిహారం, పునరావాసం, ప్రత్యామ్నాయ ఉపాధి అని చాలా మాటలు వినపడ్డాయి. మా పేట నుంచి హైదరాబాదుకి, గుంటూరు మిరప కోతలకి, గల్ఫుకి వెళ్ళినవాళ్ళు మాత్రం నాకు తెలుసు. ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళిన మా పిన్ని వాళ్ళలో ఒకరు.

నేను ఆపరేషన్ కొల్లేరు తప్పని అనను. సరస్సు బతకాలంటే ఆ గట్లు పోవాల్సిందే. తప్పు ఎక్కడంటే, గట్టు వేసి సంపాదించినవాడినీ, ఆ గట్టు మీద కూలి చేసినవాడినీ ఒకే పొక్లెయిన్‌తో కొట్టడం. పైగా రికార్డుల్లో ఆక్రమణదారుగా కనపడింది ఎవరు? సొసైటీ మెంబరు. అంటే మా నాన్న. లాభం వచ్చినన్నాళ్ళూ లీజుదారుది, నేరం అనేసరికి మెంబరుది.

మళ్ళీ మన పేరే

ఇక అసలు విషయం. 2008లో రాష్ట్ర అసెంబ్లీ అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది. ఇందాకటి లెక్క గుర్తుందా? రెండడుగులు, దాదాపు 43 వేల ఎకరాలు. ఎవరి కోసం అని అడిగితే పేదల కోసం, దళితుల కోసం, మత్స్యకారుల కోసం అన్నారు. కేంద్రం పి.ఎ. అజీజ్ నాయకత్వంలో నిపుణుల కమిటీ వేసింది. తగ్గించొద్దని ఆ కమిటీ చెప్పింది. అయినా ఎన్నికలొచ్చిన ప్రతిసారీ కైకలూరు, ఏలూరు సభల్లో కాంటూరు మాట లేస్తుంది. మైకు పట్టుకున్న ప్రతి నాయకుడూ ముందు మన పేరు తలుచుకుంటాడు.

1976లో మన పేరు మీద చెరువులు వచ్చాయి. అనుభవించింది వేరేవాళ్ళు. 2006లో మన పేరు మీద ఆక్రమణ నేరం వచ్చింది. తప్పించుకున్నది వేరేవాళ్ళు. ఇప్పుడు మన పేరు మీద కాంటూరు తగ్గించమంటున్నారు. బయటపడే ఆ నేలలో గట్టు ఎవరు వేస్తారో మీకు చెప్పాలా? పెట్టుబడి ఎవరి దగ్గర ఉందో వాళ్ళే. మళ్ళీ ఒక మెంబరు కార్డు, మళ్ళీ ఒక వేలిముద్ర, మళ్ళీ గట్టు మీద టార్చిలైటు.

అందుకే మన ఉద్యమ మిత్రుల్లో కొందరితో నేను విభేదిస్తాను. కాంటూరు తగ్గిస్తే దళితులకి భూమి వస్తుందని వాళ్ళు నమ్ముతున్నారు. వాళ్ళ ఆశని నేను గౌరవిస్తాను. భూమిలేని మనిషికి భూమి ఆశ ఎంత బలమైందో నాన్న ట్రంకు పెట్టెలో చూసినవాణ్ణి. కానీ నీళ్ళు నిలవాల్సిన నేలని పేదలకి రాసిచ్చి, డెల్టాలో ఎగువ మాగాణి జోలికి ఎవరూ పోకపోవడాన్ని భూసంస్కరణ అని ఎలా అంటాం? 1973 భూపరిమితి చట్టం ప్రకారం మిగులు తేలాల్సిన భూములు ఎటు పోయాయని అడగడం మానేసి, మునిగే నేలలో వాటా అడుక్కోవడం మనకి ఎవరు నేర్పారు?

అటువైపు ఇంకో రకం మిత్రులున్నారు. పట్నాల్లో ఉండే పర్యావరణ ప్రేమికులు. వాళ్ళకి కొల్లేటిలో పక్షి కనపడుతుంది, పేట కనపడదు. మనుషులందర్నీ కలిపి "ఆక్రమణదారులు" అనేస్తారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, మన కడుపు నొప్పి వాళ్ళకి వ్యాసం. కానీ వాళ్ళ మీద కోపంతో సరస్సుని వదులుకుంటే నష్టపోయేది మళ్ళీ మనమే. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి మునిగింది. మునిగినవాళ్ళలో ఎక్కువమంది ఎవరు? పల్లపు నేలలో ఇళ్ళు కట్టుకున్న కూలీలు, ఆటోవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. ఆ బుడమేరు దిగాల్సింది కొల్లేటిలోకే. దాని దారి పొడవునా ఆక్రమణలు, గండ్లు, కింద ఇరుకైపోయిన సరస్సు. నీళ్ళకి చోటు లేకుండా చేస్తే అవి వెతుక్కుంటూ వచ్చేది మన ఇళ్ళకే. ఎత్తు నేల ఎప్పుడూ మనది కాదు కదా.

కాబట్టి నా మాట ఇది. సరస్సు ఐదో కాంటూరు వరకు సరస్సుగానే ఉండాలి. అందులో గట్టు లేకుండా చేపలు పట్టుకునే హక్కు వడ్డీలకీ, దళితులకీ, ఇతర పేదలకీ చట్టబద్ధంగా రాసివ్వాలి. సొసైటీ మెంబర్లని ఆక్రమణదారులుగా కాకుండా మోసపోయినవాళ్ళుగా గుర్తించి, ముంపు లేని చోట భూమి ఇవ్వాలి. పట్టుబడి కూలీల్ని, ముఖ్యంగా ఆడవాళ్ళని, నష్టపోయినవాళ్ళ జాబితాలో చేర్చాలి. ఆటపాకలో టిక్కెట్టు డబ్బులు వసూలవుతున్నాయి కదా, ఆ పడవలు, ఆ దుకాణాలు, ఆ గైడు ఉద్యోగాలు చుట్టుపక్కల పేటల పిల్లలకే ముందు ఇవ్వాలి.

చదువుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి

మీరు చెయ్యగల పని ఒకటుంది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మీ మండలంలో కొల్లేటి సొసైటీల మెంబర్ల జాబితా తీసుకోండి. ఆ జాబితా పట్టుకుని పేటకి వెళ్ళి ఒక్కో పేరు దగ్గర కూర్చోండి. చెరువు ఎన్నేళ్ళు మీ చేతిలో ఉంది, ఎవరికి ఇచ్చారు, ఏడాదికి ఎంత ఇచ్చాడు, మీరు ఆ చెరువు మీద కూలి చేశారా అని అడగండి. మగవాళ్ళు చెప్పకపోతే ఆడవాళ్ళని అడగండి. వాళ్ళకి ప్రతి రూపాయి గుర్తుంటుంది. ఆ తరం వెళ్ళిపోతోంది. ఐహోలు శాసనంలో మన పేర్లు లేవు, గజపతుల కథలో లేవు. సొసైటీ రిజిస్టర్లో మాత్రం ఉన్నాయి. చరిత్రలో మన పేర్లు వరసగా రాసి ఉన్న అరుదైన పుస్తకాల్లో అదొకటి. అది చెదలు పట్టకముందే చదువుదాం.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మెంబరు కార్డు ఇప్పుడు నా దగ్గరుంది. సీలు సగం చెరిగిపోయింది, వేలిముద్ర మాత్రం స్పష్టంగా ఉంది. స్టడీ సర్కిల్లో ప్రశ్న అడిగిన తమ్ముడికి ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను. సరస్సుకి కులం ఉంటుందా అని అడిగాడు కదా. నీళ్ళకి ఉండదు తమ్ముడూ, గట్టుకి ఉంటుంది.

వచ్చే భాగంలో తమ్మిలేరు ఒడ్డు పేటల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.